దించిన అంచు

1896 జులై 21, మంగళవారం

వెన్నింగ్ వాళ్ళ రోడా వచ్చింది. బ్యాంకు మేనేజరు గారి కూతురు. ఇరవై రెండేళ్ళు వచ్చాయి, ఇంకా మెట్లు రెండేసి ఎక్కుతుంది. ఈసారి సైకిలుతో సహా వచ్చింది. దాని మీద వెళ్ళడానికి ట్వీడ్ స్కర్టు కావాలట. హాల్కూంబ్ బడిలో టీచరు ఉద్యోగం వచ్చింది, అక్టోబరులో చేరాలి. వాళ్ళ నాన్న ఒక్క షరతు మీద ఒప్పుకున్నాడు. పరాయి ఊళ్ళో గది తీసుకుని ఉండకూడదు, రోజూ ఇంటి నుంచే వెళ్ళి రావాలి. ఆ ఊరికి రైలు లేదు. గుర్రబ్బండి ఆయన ఇవ్వడు. అంటే సైకిలు ఉంటేనే ఉద్యోగం.

స్టూలెక్కి నిలబడు తల్లీ, అంచు కొలుస్తాను అన్నాను. నేనేమైనా నిలబడి ఊరికి వెళ్తానాండీ, సైకిలెక్కి కూర్చుంటాను, అప్పుడు కొలవండి అంది. దాన్ని పెరట్లోకి తోసుకొచ్చింది. నా చెల్లెలు కెజయా హ్యాండిలు పట్టుకుని నిలబడింది. నేను రాళ్ళ మీద మోకాళ్ళేసి, నోట్లో గుండుసూదులు పెట్టుకుని కూర్చున్నాను. ఇన్నేళ్ళలో ఎవరికీ ఇలా కొలత తీయలేదు.

ఆ సైకిలు వాళ్ళ చుట్టాలెవరో వాడి పడేసింది. చైను మీద ఉండాల్సిన రేకు ఊడిపోయింది. అందుకే అంచు ఎక్కడ ఆగాలో రోడానే చూసుకుంది. పెడలు కిందికి తొక్కి ఒకసారి, పైకి తెచ్చి ఒకసారి. ఇదిగో ఇక్కడ, దీనికి ఒక్క వేలు కిందికొచ్చినా చైను మింగేస్తుంది అంటూ సుద్దతో గీత తనే గీసింది. నేలకి జానెడు ఎత్తు. చీలమండలు రెండూ పూర్తిగా బయటే.

అక్కా, ఈ చీలమండలు చూస్తే పాదిరిగారు ప్రసంగం మర్చిపోతారే అంది కెజయా. మర్చిపోతే మంచిదే, ఆదివారం పూటైనా అన్నం వేడిగా తింటాం అంది రోడా. ముగ్గురం నవ్వాం. వెళ్తూ వెళ్తూ వీధి మలుపు దాకా బెల్లు కొట్టుకుంటూ పోయింది.

జులై 24

ఈ ఏడాది బుట్టచేతులకి పట్టే గుడ్డతో పసిపిల్లలకి గౌన్లు కుట్టొచ్చు. రొట్టెల కొట్టు మిసెస్ చబ్ కచ్చాకుట్టు వేసిన జాకెట్టుతో నా తలుపులో ఇరుక్కుంది. తలుపు చిన్నదని నన్నే తిట్టింది.

జులై 27, సోమవారం

మిసెస్ వెన్నింగ్ వచ్చింది. పెరటి తలుపు కొట్టింది. బ్యాంకు మేనేజరు భార్య పెరటి తలుపున వచ్చిందంటేనే నాకు అర్థం కావాల్సింది.

దీనా, మా అమ్మాయి స్కర్టేదీ, చూపించు అంది. చూపించాను. గుడ్డ బాగుంది, కుట్టు బాగుంది, మరి మిగతాదేదీ అంది. మిగతాదంటే ఏమిటమ్మగారూ అన్నాను. కింద ఉండాల్సింది అంది. చైను మీద రేకు లేదని చెప్పాను. అమ్మాయి సైకిలు మీద కూర్చుని మరీ గీసిన గీత అని చెప్పాను. చెప్పానన్న మాట ఇక్కడ రాసి పెట్టుకుంటున్నాను.

కుట్టేది నువ్వా అదా అంది ఆవిడ. పొద్దున లేస్తే ఆయన ఆ బ్యాంకు మెట్లు ఎక్కి దిగాలి. ఆ మెట్ల మీద నిలబడే మగాళ్ళంతా నా కూతురి కాళ్ళు చూస్తారు. నాలుగంగుళాలు దించు. దానికి మాత్రం చెప్పకు. చెబితే ఇంట్లో తండ్రీ కూతురూ ఒకటై నా మీద పడతారు. ఇదీ ఆవిడ అన్న మాట.

ఆవిడ కాదంటే ఈ ఊళ్ళో సగంమంది ఆడవాళ్ళు నా గడప తొక్కరు. అది నిజమే. కానీ ఆవిడ బెదిరించలేదు. ఉత్తినే అడిగింది. మాట పూర్తికాక ముందే నేను సరేనన్నాను.

జులై 28

అంచు విప్పాను. మడతలో గుడ్డ కావాల్సినంత ఉంది. నేనెప్పుడూ ఎక్కువే వదులుతాను, పిల్లలు ఎదుగుతారు, ఫ్యాషన్లు మారతాయి. కొత్త అంచు వేశాను. గాలికి లేవకుండా సీసం బిళ్ళలు లోపల పెట్టి కుట్టాను.

పాత మడత దగ్గర పడ్డ ఇస్త్రీ గీత మాత్రం పోలేదు. వెనిగర్లో తడిపిన గుడ్డ పరిచి ఇస్త్రీపెట్టెతో రుద్దాను. బ్రష్షుతో నూగు లేపాను. దూరం నుంచి చూస్తే తెలియదు.

ఏం చేస్తున్నావక్కా అంది కెజయా. అంచు సరిచేస్తున్నా అన్నాను. అబద్ధం కాదు. అబద్ధం కాకుండా అబద్ధమాడడం నాకు బాగా వచ్చు.

జులై 31, శుక్రవారం

రోడా స్కర్టు తొడిగి చూసుకుంది. సైకిలు బయట గోడకి ఆనించి వచ్చింది. పెరట్లోకి తెస్తానంది, నేలంతా తడిగా ఉందన్నాను. నడుము చూసుకో, కాజాలు చూసుకో అని అద్దం ముందే తిప్పాను. అయినా చూసింది. ఇది కిందికొచ్చిందేమిటండీ అంది.

క్రాసుగా కత్తిరించిన గుడ్డ వేలాడితే కిందికి సాగుతుంది. కుట్టేవాళ్ళందరికీ తెలిసిన విషయమే. అందుకే కత్తిరించాక కొన్నాళ్ళు వేలాడదీసి, సాగేదంతా సాగాక అప్పుడు అంచు వేస్తాం. ఈ ట్వీడునీ అలాగే వేలాడదీశాను. ఆ తర్వాతే తను గీత గీసింది. ఇదేదీ చెప్పలేదు. కొత్త ట్వీడ్ కదా తల్లీ, కాస్త సాగుతుంది, నాలుగు రోజులు తొడిగితే మళ్ళీ సర్దుకుంటుంది అన్నాను. సాగిన గుడ్డ తిరిగి పైకి పోవడం ఈ భూమ్మీద ఎవరూ చూడలేదు.

మా పని తెలిసినవాళ్ళు తప్ప ఇలాంటి అబద్ధం ఎవరూ ఆడలేరు. మా పని తెలియనివాళ్ళు తప్ప ఎవరూ నమ్మరు.

తను నమ్మింది. మీకు తెలిసినంత నాకేం తెలుస్తుందండీ, సర్దుకునేదాకా ఒక చేత్తో ఎత్తి పట్టుకుంటాలెండి అంది. అలాగే చెయ్యి అన్నాను.

ఆగస్టు 8

కిటికీ ముందు నుంచి వెళ్ళింది. ఒక చేత్తో స్కర్టు ఎత్తి పట్టుకుంది. నన్ను చూసి రెండో చేత్తో బెల్లు కొట్టింది.

ఆగస్టు 12

మళ్ళీ బెల్లు. నేను తల ఎత్తలేదు.

ఆగస్టు 20, గురువారం, సాయంత్రం

పడిపోయింది. ఫోర్ స్ట్రీట్ దిగుడులో, ఆర్చి దాటాక. కెజయా రొట్టె కోసం వెళ్ళి, రొట్టె లేకుండా పరుగెత్తుకొచ్చి చెప్పింది. స్కర్టు చైనులో పడిందట. సైకిలు ఒక్కసారిగా ఆగిపోయి, పిల్ల హ్యాండిలు మీదుగా వచ్చి రాళ్ళ మీద పడిందట. కాలర్ ఎముక విరిగింది. చెంపంతా గీరుకుపోయింది. స్కర్టుని కత్తిరించి విడదీయడానికి ఎవరి దగ్గరా కత్తెర లేక, చేపల కొట్టు నుంచి కత్తి తెచ్చారట.

కత్తెరలు నా దగ్గర ఉన్నాయి. నేను ఆ టైములో మిసెస్ చబ్ జాకెట్టు చేతులకి కుచ్చులు పెడుతున్నాను.

చీలమండలకి మాత్రం ఏమీ కాలేదట.

ఆగస్టు 23, ఆదివారం

చర్చి బయట అందరి నోటా అదే. ఆడపిల్లకి సైకిలెందుకంటాను అని ఒకావిడ. చదువుకున్న పిల్లలకి కాళ్ళు నేల మీద నిలవవమ్మా అని ఇంకొకావిడ. దిగుడులో వేగం ఆపుకోలేకపోయి ఉంటుంది, ఆడవాళ్ళకి యంత్రాలు ఎక్కడ అర్థమవుతాయి అని మిసెస్ చబ్ మొగుడు. ఆయనకి తన పొయ్యి తలుపే సరిగ్గా వేయడం రాదు. నేను పక్కనే నిలబడి టోపీ రిబ్బను సవరించుకుంటూ విన్నాను.

మిస్టర్ వెన్నింగ్ సైకిలు షెడ్డులో పెట్టి తాళం వేశాడట. నీకు సైకిలు చేతకాదు, ఉద్యోగం సంగతి ఇక మర్చిపో అన్నాడట. బడి వ్యవహారాలు చూసేది పాదిరిగారే. అమ్మాయి కోలుకుంటుందేమో, సెప్టెంబరు మూడో ఆదివారం దాకా వేచి చూద్దాం అన్నారట ఆయన. అప్పటికీ తండ్రి పంపనంటే ఇంకొకరిని పెట్టుకుంటారు.

ఆగస్టు 26

సూపు పట్టుకుని రోడాని చూడడానికి వెళ్ళాను. చెయ్యి మెడకి వేలాడదీసి కట్టారు. చెంప మీద పెచ్చు కట్టింది. నవ్వబోయి ఆగిపోయింది, నవ్వితే లాగుతుందట.

ఎలా పడ్డానో నాకే అర్థం కావట్లేదండీ అంది. స్కర్టు పట్టుకునే ఉన్నాను. దిగుడు కదా, భయమేసి రెండో చెయ్యి కూడా హ్యాండిలు మీద వేశాను, ఆ ఒక్క క్షణమే. నాకు తొక్కడం సరిగ్గా రానట్టుంది. ఈ మాట ఆ పిల్ల నాతో అంది.

చెప్పడానికి ఇంతకంటే మంచి సమయం రాదు. గదిలో ఎవరూ లేరు. నేను చెంచాతో సూపు పట్టాను. ఉప్పు సరిపోయిందా అని అడిగాను. బాగుంది అంది.

సెప్టెంబరు 1, మంగళవారం

మిసెస్ వెన్నింగ్ పనిమనిషి చేత స్కర్టు పంపింది. పనికొచ్చే గుడ్డ తీసి కుషన్లకి తొడుగులు కుట్టమంది. ముక్కలు చెయ్యమంటే ఎందుకో తెలియనంత అమాయకురాలిని కాను.

బల్ల మీద పరిచాను. చైను గ్రీజు నల్లగా అంటుకుంది. అంచు పీలికలైంది. సీసం బిళ్ళ ఒకటి రేకులా నలిగిపోయింది. ఆ నలుపూ ఆ చిరుగూ మొత్తం పాత ఇస్త్రీ గీత కిందే ఉన్నాయి. గీత పైన గుడ్డ కొత్తదిలా ఉంది. ఒక్క మరక లేదు. తను గీసిన చోట ఆపి ఉంటే చైనుకి అందేదే కాదు.

తొడుగులు కుట్టలేదు. స్కర్టు మడిచి అడుగు సొరుగులో, లైనింగు గుడ్డల కింద పెట్టాను.

సెప్టెంబరు 4

ఇది రాయకుండా ఎన్ని రోజులు తప్పించుకుంటాను. ఆవిడ అడిగిందని చేశాను అని నాకు నేనే చెప్పుకుంటున్నాను. ఆవిడ అడగకపోయినా నా చేతులు ఆ అంచు దించాలనే చూశాయి. ఆ మంగళవారం పెరట్లోనే అనిపించింది. నేను రాళ్ళ మీద మోకాళ్ళేసి ఉన్నాను, తను పైన కూర్చుని ఉంది. పద్నాలుగో ఏట నుంచీ నేను ఆడవాళ్ళ కాళ్ళ దగ్గరే కూర్చున్నాను. ఎంతమందికి ఎన్ని అంచులు వేశానో. అందరూ లేచి ఎక్కడికో వెళ్ళారు, పెళ్ళికో, డాన్సుకో. నేను కింద పడిన గుండుసూదులు ఏరుకున్నాను. వాళ్ళెవరి మీదా నాకు కోపం రాలేదు. మగాడి చెయ్యి పట్టుకుని వెళ్ళారు, అలా వెళ్ళడం నా వల్ల కాలేదు, అంతే అనుకున్నాను.

ఈ పిల్ల ఎవరి చెయ్యీ పట్టుకోకుండా వెళ్తోంది. అలా వెళ్ళొచ్చని నాకెవరూ చెప్పలేదు. అది చూసి ఓర్వలేకపోయాను. మిసెస్ వెన్నింగ్ పెరటి తలుపు కొట్టినప్పుడు నాకు కలిగింది భయం కాదు. హమ్మయ్య అనిపించింది.

అసూయ. రాశాను.

సెప్టెంబరు 9

రోడా కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుంటోందట. ఎవరైనా సైకిలు మాట ఎత్తితే లేచి లోపలికి పోతోందట.

సెప్టెంబరు 16, బుధవారం

కెజయా లైనింగు గుడ్డ కోసం అడుగు సొరుగు తెరిచింది.

స్కర్టు ఒళ్ళో పెట్టుకుని పాత గీత మీద వేలు నడిపింది. ఆ తర్వాత అందుకుంది. అక్కా, నీ కుట్టు నేను కళ్ళు మూసుకుని తడిమి చెప్తాను. ఇది నువ్వే దించావు. ఆ పిల్ల సుద్ద గీత గీసింది నా కళ్ళెదుట. సైకిలు పట్టుకుని నిలబడ్డది నేను. ఎవరు చెప్పారు నీకు?

మిసెస్ వెన్నింగ్ అన్నాను. ఆవిడ అడిగితే చేసేస్తావా, చర్చి గంట ఎత్తుకు రమ్మంటే తెచ్చేస్తావా అంది. మన బతుకు ఆవిడ చేతిలో ఉంది కదే అన్నాను. ఆ పిల్ల బతుకు నీ చేతిలో పెట్టింది కదా, అది కనపడలేదా అంది. ఏడవబోయాను. ఏడుపు ఇక్కడ కాదు, అక్కడికెళ్ళి ఏడువు, ఆదివారం వస్తే వాళ్ళ నాన్న పాదిరిగారికి వద్దని చెప్పేస్తాడు అని లేచి పోయింది. టీ తనకి మాత్రమే పెట్టుకుంది.

సెప్టెంబరు 17, గురువారం

చెప్పాను. రోడా ఒక్కతే ఉంది. కూర్చోమంది, కూర్చోలేదు. గుడ్డ సాగలేదు తల్లీ, నేనే దించాను అన్నాను.

మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక నా మొహం వంక చూడలేదు, నా చేతుల వంక చూసింది. మరి సర్దుకుంటుందన్నారు కదండీ అంది. సర్దుకోదు అన్నాను. ఇన్నాళ్ళూ నాకే చేతకాలేదనుకుని పడుకున్నాను, మా నాన్న అన్నదే నిజమనుకున్నాను, మీరొచ్చి సూపు తాగించి వెళ్ళారు, అప్పుడు కూడా చెప్పలేదు అంది. గట్టిగా అనలేదు. గట్టిగా అని ఉంటే బాగుండేది.

క్షమించమన్నాను. అది తర్వాత చూద్దాం, రేపు టీ వేళకి స్కర్టు తెచ్చి ఈ మాటే మా నాన్న ముందు చెప్పండి అంది.

ఎవరు దించమన్నారని అడగలేదు. నేను చెప్పలేదు. అడగకపోవడం చూస్తే తనకి తెలుసు.

సెప్టెంబరు 18, శుక్రవారం

ఈసారి నేను ముందు తలుపు కొట్టాను.

టీ బల్ల మీద, జామ్ పక్కన, స్కర్టు పరిచాను. మిస్టర్ వెన్నింగ్ కళ్ళద్దాలు పెట్టుకుని అనుమానం వచ్చిన నోటుని చూసినట్టు చూశాడు. పాత గీత చూపించాను. మరకలన్నీ ఎటున్నాయో చూపించాను. చైను మీద రేకు లేదని నాకు తెలుసు, అమ్మాయి కొలిచి గీసిన గీత నేను తప్పించాను, అడిగితే గుడ్డ సాగిందని అబద్ధం చెప్పాను, అమ్మాయి తొక్కడంలో తప్పేమీ లేదు అన్నాను. ఒక్క గుక్కలో చెప్పాను, ఆగితే చెప్పలేనని.

ఇలా చెయ్యమని నీకు ఎవరైనా చెప్పారా అని అడిగాడు.

మిసెస్ వెన్నింగ్ కప్పులో టీ పోస్తోంది. పోస్తూనే ఉంది. కప్పు నిండింది, సాసరు నిండింది. నేను నోరు తెరిచాను. ఆవిడ పేరు చెబితే నా తప్పు సగమవుతుంది. సగం చేసుకోవాలనిపించలేదు. అలా రాసుకుంటే గొప్పగా ఉంది. అప్పటికీ నాలో ఎక్కడో ఆవిడ మళ్ళీ గౌన్లు కుట్టించుకుంటుందన్న ఆశ ఉందేమో కూడా. రెండిట్లో ఏదో నాకు తెలియదు. చేతులు నావేనండీ అన్నాను.

అమ్మా, టీ పొర్లుతోంది అంది రోడా.

మిస్టర్ వెన్నింగ్ కళ్ళద్దాలు తీసి తుడుచుకుని భార్య వంక ఒకసారి చూశాడు. అయితే తప్పు సైకిలుది కాదన్నమాట అన్నాడు. అమ్మాయి బడిలో చేరుతుందని పాదిరిగారికి చెప్తాను, చైనుకి రేకు నేనే వేయిస్తాను అన్నాడు. తర్వాత నా వైపు తిరిగి, మా ఇంటి బట్టలు ఇక నువ్వు ముట్టుకోవద్దు దీనా అన్నాడు. అలాగేనండీ అన్నాను. స్కర్టు మడిచి తెచ్చుకున్నాను. ఎవరూ ఇవ్వమనలేదు, వద్దనలేదు.

సెప్టెంబరు 23

కొలతలు మార్చే దర్జీదని పేరొచ్చింది. ఇద్దరు గుడ్డలు వెనక్కి తీసుకెళ్ళారు. మిసెస్ చబ్ ఒక్క చెయ్యి మాత్రం కుట్టిన జాకెట్టు పట్టుకుపోయింది. ఒంటిచేత్తోనైనా తొడుక్కుంటాను గానీ నీ సూది కింద నిలబడను అంది. ఈసారి తలుపులో ఇరుక్కోలేదు, అదొక్కటే బాగుంది అని కెజయా అంది. పోయిన బుధవారం తర్వాత నాతో అన్న మొదటి మాట అది. నవ్వొచ్చింది, తర్వాత ఏడుపొచ్చింది.

మిసెస్ వెన్నింగ్ ఎదురుపడితే తల పక్కకి తిప్పుకుంటోంది. ఆవిడని చూస్తే నాకు కోపం రావట్లేదు. నా మొహమే చూసుకున్నట్టుంది.

సెప్టెంబరు 27, ఆదివారం

ఆదివారం సూది పట్టకూడదు. పట్టాను. చిరిగిన ముక్క కోసేశాను. సీసం తీసేశాను. తను గీసిన చోటే, ఆ పాత మడతలోనే అంచు వేశాను. చిన్న చిన్న కుట్లు వేశాను, ఎవరూ వెతకరని తెలిసినా.

నేను వెళ్ళలేను, నువ్వు ఇచ్చి రా అని కెజయాని పంపాను. తిరిగొచ్చింది. తీసుకుందా అన్నాను. తీసుకుంది అంది. ఏమైనా అందా అన్నాను. తలుపేసుకుంది అక్కా అంది.

అక్టోబరు 5, సోమవారం, ఉదయం

కెజయా కిటికీ తెరిచి పెట్టింది. రోడా వెళ్ళింది. నేను కుట్టిన స్కర్టే. రెండు చేతులూ హ్యాండిలు మీదే ఉన్నాయి. అంచు సరిగ్గా ఉంది.

బెల్లు కొట్టలేదు.